చుక్క చెదిరితే అర్థం అర్ధమే

“రాసుకోవడానికేగా సార్, ఏదైనా చాలు.”

మానిటరు కొనబోయిన ప్రతి తెలుగువాడూ ఏదో ఒక దుకాణంలో విన్న మాట ఇది. నేను రెండుసార్లు విన్నాను. మొదటిసారి విని నమ్మాను. రెండవసారి విని కోపగించుకొన్నాను. ఆ కోపానికి కారణం చెప్పి, ఆ మాట ఎంత తప్పో నిరూపించడానికే ఈ టపా. నాకు కంప్యూటరు శాస్త్రం చదువుగా రాలేదు. ముప్పైయేళ్ళకు పైగా పిల్లల దస్తూరీలు దిద్దినవాణ్ణి. అక్షరం ఎక్కడ చెడుతుందో నాకు తెలుసు. ఆ ఒక్క అర్హతతోనే మాట్లాడుతున్నాను.

దుకాణదారు లెక్క ప్రకారం మంచి తెర కావలసినవారు ముగ్గురు: ఆటలాడేవారు, సినిమాలు చూసేవారు, బొమ్మలు దిద్దేవారు. చదివేవాడూ వ్రాసేవాడూ నాలుగవ పంక్తిలో, విస్తరి చివర. నా వాదం దీనికి పూర్తిగా విరుద్ధం. కదిలే బొమ్మలో ఒక చుక్క పోతే కన్ను క్షమిస్తుంది. అక్షరంలో ఒక చుక్క పోతే మాటే మారిపోతుంది. కాబట్టి అందరికంటె మంచి తెర కావలసినది చదివేవాడికి. అందులోనూ తెలుగు చదివేవాడికి మరింత మంచిది కావాలి.

ముందు నా అనుభవం చెబుతాను.

2015లో గుంటూరులో ఒక దుకాణానికి వెళ్ళి 27 అంగుళాల మానిటరు కొన్నాను. “పెద్దది తీసుకోండి సార్, ఈ వయసులో కళ్ళకు హాయి” అన్నాడు అక్కడి అబ్బాయి. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల తెర అది. ఆ మరుసటి ఏడు నాకంటె పెద్దవారూ, ఒకప్పుడు నాతో కలిసి పనిచేసినవారూ అయిన ఒక మాస్టారు తమ శతకం అచ్చువేయించుకోదలచి, ప్రూఫులు నన్ను చూడమన్నారు. కంపోజు చేసిన కుర్రవాడు పుటలను పీడీఎఫ్‌గా పంపాడు. కొత్త తెర ఉందన్న ధీమాతో కాగితంమీద తీయకుండా తెరపైనే దిద్దాను. పుస్తకం 300 ప్రతులు వచ్చింది.

మాస్టారు మొదటి ప్రతి విప్పి, కళ్ళజోడు సవరించుకొని, నన్ను పిలిచారు. “ఏమయ్యా, నాలుగు పురుషార్ధాలు కలిస్తే ఇద్దరు పురుషులవుతారా?” అన్నారు.

చూస్తే, “పురుషార్థాలు” అని ఉండవలసిన చోట “పురుషార్ధాలు” అని ఉంది. ధర్మార్థకామమోక్షాలు కాస్తా సగం సగం మగవాళ్ళయి కూర్చున్నాయి. అక్కడొక్కచోటనే కాదు, పుస్తకం మొత్తంమీద పదకొండుచోట్ల “అర్థం” “అర్ధం” అయింది. కంపోజింగులో పొరపాటు సహజం. దానిని పట్టుకోవడమే నా పని. నేను పట్టుకోలేదు. తరువాత అదే పీడీఎఫ్‌ను అదే తెరపై మళ్ళీ తెరిచి పెట్టుకొని చూశాను. తప్పు ఉన్నదని తెలిసి చూసినా, అక్కడ ఉన్నది థ-వత్తో ధ-వత్తో తేల్చుకోలేకపోయాను. రెండూ ఒకే బూడిదరంగు మరక.

మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. నల్లసిరా కలం తీసుకొని, ఇచ్చే ప్రతి ప్రతిలోనూ పదకొండుచోట్ల ధ-వత్తు కడుపులో చుక్కపెట్టి మరీ ఇచ్చేవారు. 300 ప్రతులకు 3,300 చుక్కలు. అప్పటికే ఆయన చెయ్యి వణికేది. 20,73,600 చుక్కలున్న నా తెర చూపలేకపోయిన ఒక్క చుక్కను ఆయన అన్నిసార్లు చేత్తో పెట్టారు. 2019లో ఆయన కాలంచేశారు. ఈ సంవత్సరం ఆయన పిల్లలు రెండవ ముద్రణ తలపెట్టి, ప్రూఫులు మళ్ళీ నన్నే చూడమన్నారు. అందుకే కొత్త తెర కొనడానికి వెళ్ళాను. అక్కడ మళ్ళీ అదే మాట: “రాసుకోవడానికేగా సార్.”

నా కన్నుదీ నా సోమరితనానిదీ అయిన తప్పును తెర మీదకు నెట్టడం లేదు. నా వాటా నేను మోస్తాను. తెరకు కూడా ఒక వాటా ఉంది. అది ఎంతో లెక్కగట్టి చూద్దాం.

థ-కారానికీ ధ-కారానికీ భేదం కడుపులోని చుక్క. ఆ చుక్క కనబడాలంటే ఎడమగోడకు ఒక చుక్క, ఖాళీకి ఒకటి, నడిమి చుక్కకు ఒకటి, మళ్ళీ ఖాళీకి ఒకటి, కుడిగోడకు ఒకటి కావాలి. అంటే తక్కువలో తక్కువ ఐదు. నిలువునా అంతే, అడుగున ఒత్తుగీతకు మరొకటి కలిపితే ఆరు. ఇక కంప్యూటరు ఇచ్చేదెంత? విండోస్ మామూలు అమరికలో 12 పాయింట్ల అక్షరానికి నిలువున 16 చుక్కలు కేటాయిస్తుంది. అందులో తలకట్టుకూ గుడికీ వాటా పోయి, అక్షరం తనది తాను తీసుకొన్నాక, క్రిందనుండే వత్తుకు మిగిలేవి నాలుగైదు. ఆరు కావలసినచోట నాలుగున్నాయి. ఇంక ఆ చుక్క ఎక్కడ నిలుస్తుంది? యంత్రం దానిని బూడిదరంగుగా పులిమి ఊరుకొంటుంది. ఇదే అక్షరాన్ని అంగుళానికి 600 చుక్కలుండే మామూలు లేజరు ప్రింటరుపై తీస్తే, 12 పాయింట్లకు 100 చుక్కలు దక్కుతాయి. కాగితంమీద కనబడిన తప్పు తెరమీద కనబడకపోవడంలో వింత లేదు.

ఇది ఒక్క థ-ధల గొడవ కాదు. ర-ఠలకు భేదం చుక్క. చ-ఛలకూ, ద-ధలకూ, డ-ఢలకూ భేదం అడుగున ఒత్తు. కి-కీ, కె-కే, కొ-కోలకు భేదం నెత్తిమీది చిన్న వంపు. తత్త్వం, ఉజ్జ్వలం, రాష్ట్రం, దంష్ట్ర వంటి మాటలలో ఒకదాని క్రింద ఒకటో, ఒకదాని ప్రక్క ఒకటో రెండేసి వత్తులు. మన లిపి గుండ్రన. గుండ్రన గీతను చదరపు చుక్కలతో గీయాలంటే చుక్కలు చిన్నవిగానూ, ఎక్కువగానూ ఉండాలి. అంతకంటె ముఖ్యం, మన అక్షరానికి ప్రాణం నిలువుదిశలో ఉంది: పైన గుణింతం, నడుమ హల్లు, క్రింద వత్తు. మూడంతస్తుల మేడ అది.

రోమన్ లిపి సంగతి వేరు. అందులో నిలువుగీతలదే పెత్తనం. తెరలూ, తెరలపై అక్షరాన్ని నున్నగా చూపే ఉపాయాలూ ఆ లిపిని చూసుకొని పుట్టినవే. 1998లో ప్రకటించి, 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఇంటింటికీ చేర్చిన క్లియర్‌టైప్ అన్న ఉపాయం చూడండి. ఎల్‌సీడీ తెరలో ప్రతి చుక్కా నిజానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు నిలువు పట్టీలు. ఆ పట్టీలను విడివిడిగా వాడుకొని, అడ్డంగా మూడింతల సూక్ష్మత ఉన్నట్లు కంటిని నమ్మించడం దాని పని. తెలివైన పనే. అయితే లాభమంతా అడ్డంగానే. నిలువున ఒక్క చుక్క కూడా పెరగదు. అంటే మనకు అవసరమైన దిశలో అది చేసిన సహాయం లేదు. అదే ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది. అది వచ్చిన కొత్తలో మనమంతా “అక్షరాలు అలుక్కుపోతున్నాయి” అని గౌతమిని తిట్టి, పోతన 2000కూ వేమన 2000కూ మారిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఖతికి పడిన తిట్లలో సగం తెరకు చెందవలసినవి. తరువాతి విండోస్‌లలో నిలువుగా కూడా నునుపు చేసే ఏర్పాటు వచ్చింది. నునుపు చేయడం వేరు, లేని చుక్కను తేవడం వేరు. ఆపిల్‌వారయితే 2018 నాటి మొజావేతో ఆ పట్టీల ఉపాయానికే స్వస్తి చెప్పారు. చిక్కని తెర ఉంటే ఉపాయంతో పనేమిటన్నది అక్కడి తర్కం. పలచని తెర తగిలించుకొన్నవాడికి మాత్రం ఉన్నదీ పోయింది.

ఇప్పుడు పెట్టెమీద అచ్చువేసే గొప్పల సంగతి చూద్దాం. “ఒక్క మిల్లీసెకను స్పందన” అంటారు. నా పద్యం తెరమీద పరుగెత్తదు. “సెకనుకు 180 సార్లు” అంటారు. పుట పైకి జరిపేటప్పుడు కాస్త నున్నగా ఉంటుందేమో కాని, నిలిచిన అక్షరానికి 60 చాలు. “కోటికి ఒకటి కాంట్రాస్టు” అంటారు. వెనుకదీపం పెంచీ తగ్గించీ వేసిన లెక్క అది. మామూలు ఐపీఎస్ తెర అసలు నిష్పత్తి సుమారు వెయ్యికి ఒకటి, వీఏ తెరది సుమారు మూడువేలకు ఒకటి. తెల్లకాగితంమీద నల్ల అక్షరం చదవడానికి వెయ్యి ధారాళంగా చాలు. “వంపు తెర” అంటారు. పద్యపాదం తిన్నగా ఉంటే నాకు చాలు. ఇన్ని అంకెలు పెద్ద అక్షరాలతో వేసే పెట్టెమీద, అంగుళానికి ఎన్ని చుక్కలన్న ఒక్క అంకె మాత్రం సాధారణంగా కనబడదు. చదివేవాడికి కావలసినది అదొక్కటే.

ఆ అంకె మనమే కట్టుకోవచ్చు. తెర 1920×1080 అయితే 2203ను, 2560×1440 అయితే 2937ను, 3840×2160 అయితే 4406ను తెర మూలమట్టపు అంగుళాలతో భాగించండి. వచ్చినదే అంగుళానికి చుక్కలు. నేను హాయి అనుకొని కొన్న 27 అంగుళాల తెరకు వచ్చింది 82. అదే 1920×1080ని 24 అంగుళాలలో తీసుకొంటే 92, ఇరవైఒకటిన్నర అంగుళాలలో అయితే 102. 27 అంగుళాలలో 2560×1440 అయితే 109. అదే పరిమాణంలో 3840×2160, అంటే ఫోర్‌కే అని పిలిచేది, అయితే 163. పెద్దది కొని నేను చుక్కలను పెంచుకోలేదు, ఉన్న చుక్కలనే లావు చేసుకొన్నాను. ఒక్కొక్క చుక్క 0.31 మిల్లీమీటర్లు. 60 సెంటీమీటర్ల దూరాన ఆరోగ్యమైన కన్ను విడివిడిగా పోల్చుకోగల కనీసపు కొలత సుమారు 0.17 మిల్లీమీటర్లు. 163 చుక్కల తెరలో చుక్క 0.16. కన్ను ఆగిపోయేచోటికి తెర చేరేది అక్కడే.

శాస్త్రచర్చలో పూర్వపక్షాన్ని దాచకూడదు. నాకు ఎదురైన ఆక్షేపణలు నాలుగు.

మొదటిది మా అబ్బాయిది: “అక్షరం పెద్దది చేసుకొంటే సరిపోతుంది కదా నాన్నా?” సరిపోతుంది. కాదనను. 16 చుక్కల అక్షరాన్ని 24 చేస్తే థ-కారం చుక్క నిలుస్తుంది. అయితే 24 చుక్కల అక్షరానికి వత్తులతో కలిపి పంక్తికి 40 చుక్కలు వేసుకొంటే, 1080 చుక్కల నిలువులో 27 పంక్తులు. పైనా క్రిందా పట్టీలు పోగా ఇరవై చిల్లర. పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం ఒక్కచూపులో పట్టవు. పద్యానికి ఒకసారి పైకి, తాత్పర్యానికి ఒకసారి క్రిందికి జరుపుకొంటూ ప్రూఫు చూడటం, కిటికీలోనుంచి ఊరేగింపు చూడటం. 2160 చుక్కల తెరలో అదే అక్షరంతో 54 పంక్తులు పడతాయి. అక్షరం స్పష్టంగా ఉండాలి, పుట నిండుగానూ ఉండాలి. ఒకదానికోసం మరొకటి వదులుకోమనడం పరిష్కారం కాదు.

రెండవది దుకాణంలోది: “ఈ వయసు కళ్ళకు అంత చిక్కనిదెందుకు?” ఈ మాటకు కోపం వచ్చినా జవాబు చెబుతాను. దగ్గరచూపుకు అద్దాలున్నాయి, పొరకు శస్త్రచికిత్స ఉంది. కంటి మసక కొంత, తెర మసక కొంత కలిస్తే నష్టం రెండింతలు. కన్ను తగ్గినవాడికి తెరయినా నిక్కచ్చిగా ఉండాలి. ముసలివాడికి మాసిన కాగితం చాలు అనడం ఏ న్యాయం?

మూడవది నాబోటి పింఛనుదార్లది: “ధర సంగతేమిటి?” ఫోర్‌కే తెర ఖరీదెక్కువే. దానిని కొనగలిగితే కొనండి. కొనలేకపోతే, 27 అంగుళాల పలచని తెర బదులు ఇరవైఒకటిన్నరో ఇరవైనాలుగో అంగుళాల తెరను అదే చుక్కలతో తీసుకోండి. డబ్బూ మిగులుతుంది, అక్షరమూ గట్టిపడుతుంది. చిన్నతెర కొన్నవాణ్ణి పిసినారి అని నవ్వేవాళ్ళుంటారు, నవ్వనీయండి. నడిమి మార్గం 27 అంగుళాలలో 2560×1440. ఎటు చూసినా వదలవలసినవి వంపులూ, రంగుదీపాలూ, 180లూ. వాటికి పెట్టే డబ్బు చుక్కలకు పెట్టండి.

నాలుగవది తోటి పండితులది: “కాగితంమీద తీసి దిద్దుకో, తెరతో ఎందుకీ తగవు?” చివరి ప్రూఫు కాగితంమీదే చూడాలని నేను చేతులు కాల్చుకొని నేర్చుకొన్నాను. అయితే మనం నేడు వ్రాసేదానిలో కాగితం ముఖం చూసేదెంత? ఈ టపా ఎన్నడూ అచ్చుకెక్కదు. తెరమీద పుట్టింది, తెరమీదనే చదువుతారు. వావిళ్ళవారి ప్రతులలో తప్పులు వెదికినా దొరకవని చెప్పుకొనేవారు. ఆ నిష్ఠ అంతా కాగితంమీద చూపి, నేటి చదువంతా జరిగే తెరను “ఏదైనా చాలు” అని వదిలేస్తామా? రధమూ, కధా, అర్ధమూ అంటూ జాలమంతా నిండిన తప్పులన్నిటికీ తెరే కారణమనను. ఆ తప్పు తమ కంటికి కనబడని తెరముందు కూర్చున్నవారిని దిద్దుకోలేదని నిందించడం మాత్రం న్యాయం కాదు.

ఇక ఎంపికలో మరికొన్ని మెలకువలు. పక్కనుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ పలక చదువుకు మేలు. కొన్ని ఓలెడ్ తెరలలో ఆ మూడు రంగుల అమరిక మామూలు పట్టీలవలె ఉండదు. నలుపు నిగనిగలాడినా అక్షరపు అంచులకు రంగు అంటినట్లు కనబడుతుంది. వాటిని కళ్ళారా చూడకుండా కొనవద్దు. కిటికీ వెలుగు పడే గదిలో మెరిసే గాజుతెర కంటె మెరుపులేని తెర నయం. స్తంభం ఎత్తు తగ్గేదిగా ఉండాలి. రెండుచూపుల కళ్ళజోడు పెట్టుకొనేవారు క్రింది అద్దంలోనుంచి చదవడానికి గడ్డం పైకెత్తుతారు. తెర ఎత్తుగా ఉంటే సాయంత్రానికి మెడ పడుతుంది. ఫోర్‌కే తెర తెచ్చుకొన్నాక విండోస్‌లో పరిమాణాన్ని 150 శాతానికి మార్చుకోవాలి. లేకుంటే అక్షరం ఆవగింజవుతుంది. ఆ మార్పు తెలియని పాత సాఫ్టువేర్లు కొంత మసకగా కనబడతాయి. అది తెర దోషం కాదు. చచ్చిన చుక్క ఏదైనా ఉందేమో తెల్లపుట తెరిచి చూసుకోవాలి. ఒకటి రెండు చుక్కలు చావడాన్ని చాలామంది తయారీదార్లు లోపంగా లెక్కించరు. మనకు లెక్కే. అది సరిగ్గా ర-కారం కడుపులో పడితే ఠ అవుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన మాట. దుకాణాలలో జలపాతాలూ, గులాబీలూ, చిలకలూ ఆడించి తెరను అమ్ముతారు. వాటిని చూసి కొనడం, పెళ్ళికూతురి పట్టుచీరను చూసి సంబంధం ఖాయం చేసుకోవడం వంటిది. ఒక పెన్‌డ్రైవ్‌లో తెలుగు పుట వేసుకొని వెళ్ళి, 12 పాయింట్లలో తెరిపించండి. నేను తీసుకువెళ్ళిన పుటలో ఉన్న మాటలు ఇవి: అర్థం, అర్ధం, పురుషార్థం, రథం, కథ, కంఠం, ఛందస్సు, తత్త్వం, ఉజ్జ్వలం, రాష్ట్రం, దంష్ట్ర, లక్ష్మి, స్త్రీ, దుఃఖం, వైశిష్ట్యం. చేయిచాచినంత దూరంలో కూర్చొని, మొదటి రెండు మాటలలో ఏది ఏదో తడుముకోకుండా చెప్పగలిగితే ఆ తెర మీది. చెప్పలేకపోతే, ఎన్ని మిల్లీసెకన్లున్నా వద్దనండి.

నేను అదే చేశాను. ఆ అబ్బాయి మొదట నవ్వాడు. పక్కపక్కన రెండు తెరలపై అదే పుట తెరిచాక దగ్గరకు వచ్చి చూసి, “అర్థంలో చుక్క ఉంటుందా సార్?” అని అడిగాడు. వానికి తెలుగు చదవడం వచ్చు. పదేళ్ళు బడిలో చదివాడు. ఆ చుక్కను మాత్రం అంతవరకు చూడలేదు. అక్కడే బిల్లు వెనుక రెండూ వ్రాసి చూపించాను. పాఠం చెప్పి చాలా రోజులయింది.

163 చుక్కల తెరనే తెచ్చుకొన్నాను. బల్లమీద ఇప్పుడు మాస్టారి శతకం రెండవ ముద్రణ పుటలు తెరిచి ఉన్నాయి. ప్రక్కనే ఆయన చేత్తో చుక్కలుపెట్టి నాకిచ్చిన ప్రతి ఉంది. పదకొండుచోట్లూ సరిచూశాను, కాగితంమీద కూడా తీసి చూశాను. ఇప్పుడు మరో మూడు తప్పులు కూడా బయటపడ్డాయి. మాస్టారి కంటికీ అందనివి. రెండు ఏత్వాలు, ఒక విసర్గ.

మీలో ఎవరైనా తెర కొనబోతుంటే పై మాటల పట్టికను వాడుకోండి. నాకు తట్టని మాటలు మీకు తడితే వ్యాఖ్యలలో చేర్చగలరు. నాలుగైదు పదులయితే పుటగా కూర్చి అందరికీ ఇక్కడే ఉంచుతాను. సెలవు.